దావాకూ దివాలాకూ మధ్య

చట్టంలోని ఒక దరఖాస్తు పేరు జనం నోట తిట్టుగా మారడం తరచు జరగదు. తెలుగులో 'ఐ.పి. పెట్టడం' అనే మాటకు ఆ గతి పట్టింది. ఇన్‌సాల్వెన్సీ పిటిషను అన్న రెండు ఇంగ్లీషు మాటలకు ఇది పొట్టిరూపం. ఇంగ్లీషు అక్షరం రానివాళ్ళు కూడా ఈ మాట వాడతారు. 'వాడు ఐ.పి. పెట్టాడు' అంటే, అప్పు తీర్చలేని మనిషి చట్టప్రకారం కోర్టుకు ఒక దరఖాస్తు పెట్టుకున్నాడని ఎవరూ అర్థం చేసుకోరు. అప్పులవాళ్ళకు టోపీ పెట్టాడనీ, పంగనామాలు పెట్టాడనీ అర్థం చేసుకుంటారు. 'చేతులెత్తేశాడు', 'బోర్డు తిప్పేశాడు' అన్నవి దీనికి తోబుట్టువులు.

నేను న్యాయవాదిని కాను. కథలూ చరిత్రా చదువుకునేవాణ్ణి. ఒక మాటకు సమాజంలో నిందార్థం ఎలా వచ్చిందో, ఆ నింద ఎవరికి ఉపయోగపడుతున్నదో విచారించడం సాహిత్య విమర్శకుడి పని కూడా అని నమ్మేవాణ్ణి. అందుకే ఈ వ్యాసంలో ఒక చిన్న కాలవ్యవధిని పరిశీలించదలచుకున్నాను. బాకీ కోసం దావా పడిన రోజుకూ, బాకీదారు దివాలా పిటిషను వేసే రోజుకూ మధ్య ఉన్న వ్యవధి అది. కొందరికి అది కొన్ని నెలలు, కొందరికి కొన్ని వారాలు. కోట్లాది మందికి అసలు లేనేలేదు. దావా పడిన తర్వాత వాళ్ళ ముందు మిగిలింది వేలమే. దివాలా అనే తలుపు వాళ్ళకు కనిపించలేదు. ఈ తేడాలోనే మన ఋణ చట్టాల వర్గ స్వభావం బయటపడుతున్నదని నా వాదన.

చట్టం ఎవరి కోసం పుట్టింది

దివాలా చట్టం మన దేశానికి ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1542లో ఎనిమిదవ హెన్రీ కాలంలో చేసిన మొదటి చట్టం దివాలా తీసినవాణ్ణి నేరస్తుడిగానే చూసింది. 1571 చట్టం దాన్ని వర్తకులకు పరిమితం చేసింది. ఆస్తినంతా నిజాయితీగా అప్పగించిన బాకీదారుకు మిగిలిన బాకీ నుంచి విముక్తి ఇవ్వవచ్చుననే ఆలోచన 18వ శతాబ్దం మొదట్లో చట్టంలోకి వచ్చింది. అదీ వర్తకుడికే. సముద్రం మీద ఓడ మునిగితే వర్తకుడు మునుగుతాడు, అది అతని తప్పు కాదు, అతను మళ్ళీ వ్యాపారం చెయ్యకపోతే దేశానికి నష్టం అన్నది అక్కడి తర్కం. వర్తకుడు కానివాడు బాకీపడితే అతనికి జైలే గతి. నవలాకారుడు డికెన్సు తండ్రి 1824లో సుమారు 40 పౌన్ల బాకీకి లండను మార్షల్సీ జైలులో పడ్డాడు. కొన్ని నెలల తర్వాత దివాలా బాకీదార్ల చట్టం కింద బయటికి వచ్చాడు. ఆ పన్నెండేళ్ళ కొడుకు బూటు పాలిషు ఫ్యాక్టరీలో కూలికి పోయాడు. వర్తకులు కానివాళ్ళకు కూడా దివాలా చట్టాన్ని వర్తింపజేయడం 1861లో గాని జరగలేదు. బాకీకి జైలు అనే పద్ధతిని చాలావరకు తొలగించింది 1869 చట్టం.

వలస పాలకులు ఈ తర్కాన్నే ఓడలో వేసుకుని వచ్చారు. 1828లోనూ, మళ్ళీ 1848లోనూ చేసిన దివాలా చట్టాలు కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే పరిమితం. ఇంగ్లీషు వర్తక కంపెనీలు ఉన్నవి ఆ రేవుల్లోనే కదా! ఆ చట్టం ఎలా పనిచేసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మద్రాసులో పేరుమోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ 1906 అక్టోబరు 22న తలుపులు మూసి, 1848 చట్టం కింద దివాలా కోర్టును ఆశ్రయించింది. దానిలో దాచుకున్న మధ్యతరగతి ఉద్యోగులూ పింఛనుదార్లూ గగ్గోలు పెట్టారు. యజమాని సర్ జార్జి ఆర్బత్‌నాట్ మీద మోసం రుజువై 1907లో 18 నెలల శిక్ష పడింది. ఇలాంటి దెబ్బ మళ్ళీ తగలకూడదని దేశీయులు అదే ఏడు ఇండియన్ బ్యాంకును స్థాపించుకున్నారు. ఆ దివాలా వల్ల మనకొక బ్యాంకు వచ్చిన మాట నిజమే. కాని గమనించవలసింది మరొకటి ఉంది. ఇంతమంది డబ్బు ముంచిన కంపెనీకి కోర్టు తలుపు ఉన్నది. అదే రోజుల్లో గుంటూరు, కడప జిల్లాల్లో బాకీపడిన రైతుకు ఆ తలుపు లేదు.

రైతుకు దక్కిన కోర్టు

రైతుకు కోర్టు లేదని కాదు. చాలా దగ్గరగా ఉన్నది. కాని అది దావా కోర్టు. జిల్లా మున్సిఫ్ కోర్టులు పల్లెకు వచ్చాక వడ్డీ వ్యాపారి చేతికి ఒక కొత్త ఆయుధం దొరికింది. పాత రోజుల్లో షావుకారు తన బాకీ వసూలుకు గ్రామంలోని పెద్దల మాట మీద, తన పలుకుబడి మీద ఆధారపడేవాడు. పంట పోయిన ఏడు ఆగక తప్పేది కాదు. ప్రోనోటు, కాలపరిమితి చట్టం, డిక్రీ అనే మూడూ కలిశాక ఆగవలసిన పని లేకపోయింది. పైగా ఆగితే నష్టం. మూడేళ్ళలో దావా వేయకపోతే నోటుకు కాలదోషం పడుతుంది. కనుక మూడో ఏడు దాటబోయేముందు షావుకారు పెరిగిన వడ్డీని అసలులో కలిపి నోటు తిరగ రాయిస్తాడు, లేదా చెల్లు వేయిస్తాడు. రైతు ఒప్పుకోకపోతే దావా వేస్తాడు. బాకీదారును కాపాడడానికని చెప్పిన కాలపరిమితి, మూడేళ్ళకొకసారి చక్రవడ్డీని కొత్త అసలుగా మార్చే యంత్రమైపోయింది.

ఆ తర్వాత జరిగేది ఒక క్రమం. సమను వస్తుంది. రైతు దానిని చూసి భయపడతాడు, లేదా అర్థం కాక చూరులో దోపుతాడు. వాయిదాకు తాలూకా కేంద్రానికి పోవాలి, ప్లీడరుకు ఫీజు ఇవ్వాలి. చేసిన అప్పు నిజమేనాయె, కోర్టుకు పోయి ఏమని చెప్పాలి? పోడు. ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. షావుకారు అమలు పిటిషను వేస్తాడు. అమీనా వస్తాడు. జప్తు, టముకు, వేలం. పిలిచిన ధరకు పాడుకునే మనిషి ఊళ్ళో ఒక్కడే ఉంటాడు. తరచు అతనే డిక్రీదారు, కాకపోతే అతని బావమరిది.

ఇది మా ఊహ కాదు. మహారాష్ట్రలో పూనా జిల్లా సూపా గ్రామంలో 1875 మే 12న రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు వెతికి తగలబెట్టింది ఈ క్రమం మీద కోపంతోనే. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పెరిగిన పత్తి ధర యుద్ధం ముగిశాక కూలిపోయింది, శిస్తు పెరిగింది, డిక్రీలు కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి. ఆ తిరుగుబాటు ఫలితంగా 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. డబ్బు డిక్రీకి వ్యవసాయదారుణ్ణి అరెస్టు చేయరాదని ఆ చట్టం చెప్పింది. 50 రూపాయల బాకీ ఉన్న వ్యవసాయదారు సైతం దివాలా కోరవచ్చుననీ చెప్పింది. అంటే చిన్న రైతుకు కూడా ఆ తలుపు తెరవవచ్చునని పాలకులకు 1879 నాటికే తెలుసు. అయితే అది తిరగబడిన నాలుగు జిల్లాలకోసం చేసిన చట్టం. మద్రాసు రాజధానిలో పాలకులకు అలాంటి తొందర కనిపించలేదు.

అప్పు మాత్రం పెరుగుతూ వచ్చింది. మద్రాసు రాజధానిలో గ్రామీణ ఋణం 45 కోట్లు ఉంటుందని 1895లో ఫ్రెడరిక్ నికల్సన్ అంచనా కట్టాడు. 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం దాన్ని 150 కోట్లు అన్నది. ఆర్థిక మాంద్యం దెబ్బకు ధాన్యం ధర పడిపోయాక, 1935లో సత్యనాథన్ నివేదిక దాదాపు 200 కోట్లకు తేల్చింది. ఈ చివరి అంకెలో కొత్తగా చేసిన అప్పుకంటె తీర్చలేక పెరిగిన వడ్డీయే కనిపిస్తుంది. రైతు అప్పు రూపాయల్లో ఉన్నది, రాబడి బస్తాల్లో ఉన్నది. బస్తా ధర సగమైతే, ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకుండానే బాకీ రెట్టింపయినట్టు.

అయిదు వందల గడప

నగరాల వెలుపలి ప్రాంతాలకు ప్రత్యేక దివాలా చట్టం 1907లో వచ్చింది. దాని స్థానంలో 1920లో వచ్చిన ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే మన 'ఐ.పి.'కి తల్లి. ఈ చట్టంలో వర్తకుడు, రైతు అనే భేదం లేదు. అందరూ సమానులే. ఆ సమానత్వం ఎలాంటిదో పదవ సెక్షను చదివితే తెలుస్తుంది.

బాకీదారు తానుగా పిటిషను వేయాలంటే అప్పు తీర్చలేని స్థితిలో ఉండాలి. దానితోపాటు మూడింటిలో ఒకటి ఉండాలి. అతని బాకీలు 500 రూపాయలైనా కావాలి. లేదా డిక్రీ అమలులో అతడు అరెస్టయి ఉండాలి. లేదా డిక్రీ అమలులో అతని ఆస్తి జప్తులో ఉండాలి. రోజుకు నాలుగణాల కూలి అనుకుందాం. 500 రూపాయలంటే 2000 రోజుల కూలి, అయిదేళ్ళకు పైగా ఒక మనిషి శ్రమ. అంతకు తక్కువ బాకీ ఉన్నవాడికి ఈ చట్టం ఏమి చెబుతున్నదో తేటగా చెప్పుకుంటే ఇదీ: 'నీ మీద దావా పడినంత మాత్రాన నా దగ్గరికి రాకు. అమీనా వచ్చి నీ సొత్తు పట్టుకున్నాక రా, లేదా నిన్ను సివిల్ జైలుకు తీసుకుపోయాక రా.' పెద్ద బాకీదారు సమను అందిన మర్నాడే, అసలు సమను రాకముందే పిటిషను వేసుకోవచ్చు. చిన్న బాకీదారు దావాకూ దివాలాకూ మధ్య జప్తునో జైలునో దాటి రావాలి.

ఆ జైలు ఉత్తమాట కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారం డిక్రీ 50 రూపాయలు దాటితే ఆరు నెలలు, అంతకు లోపలైతే ఆరు వారాలు బాకీదారును నిర్బంధించవచ్చు. అతని తిండికి బత్తా మాత్రం డిక్రీదారు కట్టాలి. బత్తా కట్టడం ఆపితే వదిలిపెడతారు. షావుకారు తన ఖర్చుతో మనిషిని జైలులో మేపడం వ్యాపార దృష్టితో చూస్తే పిచ్చిపని. అయినా చేసేవాళ్ళు. ఎందుకంటే లోపల ఉన్నవాడి దగ్గర డబ్బు లేకపోయినా బయట అతని భార్య మెడలో పుస్తెలున్నాయి, అన్నదమ్ములకు పరువున్నది. ఆ రెండింటి మీద వేసిన వల అది. తీర్చగలిగి ఎగవేసేవాణ్ణే నిర్బంధించాలని 1936లో కోడును సవరించారు. తీర్చలేని పేదరికానికి జైలు శిక్ష రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కృష్ణయ్యర్ జాలీ జార్జి కేసులో స్పష్టం చేసింది 1980లో. స్వాతంత్ర్యం వచ్చిన 33 ఏళ్ళకు!

ఇక జప్తు సంగతి. రైతుకు పెద్ద అప్పు భూమి తనఖా మీద పుడుతుంది. దివాలా చట్టం 28వ సెక్షను ఆస్తినంతా రిసీవరు చేతిలో పెడుతుంది, కోర్టు అనుమతి లేనిదే ఋణదాతలు కొత్త దావాలు వేయకూడదంటుంది. కాని అదే సెక్షను తనఖాదారు హక్కుకు ఇదేదీ అడ్డు కాదని కూడా చెబుతుంది. అంటే ఐ.పి. గొడుగు ప్రోనోటు వానకే పనికివస్తుంది, తనఖా వానకు కాదు. సరుకునూ పరపతినీ నమ్ముకుని నోట్ల మీద అప్పు చేసే వ్యాపారికి ఆ గొడుగు సరిపోతుంది. రెండెకరాలు తనఖా పెట్టిన రైతు తడిసిపోతాడు.

ఆ నడిమి రోజుల్లో జరిగేది

చరిత్రకారుడికి చట్టంలోని నిషేధాలు మంచి సాక్ష్యాలు. జరగని పనిని ఎవరూ నిషేధించరు. 1920 చట్టం 53వ సెక్షను, పిటిషనుకు ముందు రెండేళ్ళలో ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదిలీలను రద్దు చేయించవచ్చునంటుంది. 54వ సెక్షను, చివరి మూడు నెలల్లో ఒక ఋణదాతకు మాత్రం పక్షపాతంతో చెల్లించిన చెల్లింపులు చెల్లవంటుంది. దావాకూ దివాలాకూ మధ్య రోజులను ఉన్నవాళ్ళు ఎలా వాడుకునేవారో ఈ రెండు సెక్షన్లే చెబుతున్నాయి. మిల్లు భార్య పేరుకు పోతుంది. ఇల్లు బావమరిదికి అమ్మినట్టు పత్రం పుడుతుంది. దగ్గరివాడి బాకీ రాత్రికి రాత్రి తీరుతుంది. మిగిలినవాళ్ళకు పిటిషనులోని జాబితాలో ఒక వరుస నంబరు మిగులుతుంది.

ఇలాంటి ఐ.పి.ల వల్ల మునిగినవాళ్ళలో పేదలూ ఉన్నారు. చీటీ కట్టిన ఇల్లాలు, కూతురి పెళ్ళికని దాచిన గుమాస్తా, పంట అరువిచ్చిన రైతు. వాళ్ళ కోపం న్యాయమైనదే, 'ఐ.పి.' అన్న మాట తిట్టు కావడానికి ఆ కోపం ఒక కారణమే. దాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. ఆ ఇన్‌సాల్వెంటు దగ్గర పనిచేసిన కూలీకి చట్టం చూపిన దయ కూడా చెప్పుకోవాలి. పిటిషనుకు ముందు నాలుగు నెలల జీతం బాకీలో 20 రూపాయలకు మించకుండా అతనికి ముందుగా ఇవ్వమని 61వ సెక్షను చెప్పింది. ఆ వరుసలోనే ప్రభుత్వ బాకీకి పరిమితి ఏమీ లేదు.

అయితే ఆ కోపం ఎవరి మీదికి మళ్ళిందన్నది ప్రశ్న. దావా పడ్డాక పిటిషను వేయడమే మోసమని షావుకార్లు కోర్టుల్లో మొదటినుంచీ వాదించారు. డిక్రీ అమలును తప్పించుకోవడానికి కోర్టును దుర్వినియోగం చేస్తున్నాడని అంటూ వచ్చారు. 1907 చట్టం కింద వచ్చిన ఛత్రపత్ సింగ్ దుగర్ కేసులో ప్రివీ కౌన్సిలు ఈ వాదాన్ని తోసిపుచ్చింది. చట్టంలోని షరతులు నెరవేరితే దివాలాదారుగా ప్రకటించమని కోరడం బాకీదారు హక్కు, దుర్వినియోగం అన్న పేరుతో పిటిషనును కొట్టివేయడానికి వీల్లేదు, అతని నడవడిని విముక్తి ఇచ్చే దశలో చూడాలి అని తీర్పు చెప్పింది. నూరేళ్ళకు పైగా అయింది. కోర్టులో ఓడిపోయిన ఆ వాదం మన నాలుకల మీద మాత్రం గెలిచింది. దొంగ ఐ.పి.కి తగిలించిన సిగ్గు, నిజంగా చితికిపోయిన చేనేత కార్మికుడి మీదా, కౌలురైతు మీదా పడింది. దొంగకు సిగ్గు అంటదు. అంటినవాడు దావా పడగానే కోర్టుకు పోడు, పురుగుమందు డబ్బా దగ్గరికి పోతాడు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిరైతులు అలా పోతూంటే చూశాం. అప్పు అనేది ఆస్తికి సంబంధించిన లెక్క అనీ, ప్రాణానికి సంబంధించినది కాదనీ చట్టం ఒప్పుకున్నంత కూడా మన నీతి ఒప్పుకోలేదు.

తండ్రి బాకీ, కొడుకు మెడ

ఈ నీతికి మూలం ఇంకా వెనక ఉన్నది. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకుకు పుణ్యకార్యమన్న ధర్మశాస్త్ర భావాన్ని ఇంగ్లీషు కోర్టులు హిందూ 'లా'గా మార్చాయి. షావుకారు దావాలో తండ్రితోపాటు కొడుకులనూ ప్రతివాదులుగా చేర్చేవాడు. ఉమ్మడి ఆస్తిలో వాళ్ళ వాటా కూడా ఆ బాకీకి బాధ్యమైంది. తప్పించుకోవడానికి చట్టం ఉంచిన దారి ఒకటి ఉంది. ఆ అప్పు వ్యభిచారానికో జూదానికో చేసినదని కొడుకు రుజువు చేయాలి. అంటే తాత సంపాదించిన రెండెకరాలు నిలబెట్టుకోవాలంటే కొడుకు కోర్టు బోనెక్కి 'మా నాన్న చెడిపోయినవాడు' అని ప్రమాణం చేయాలి. భూమి కావాలా, తండ్రి పరువు కావాలా తేల్చుకోమన్నది చట్టం. ఈ 'పవిత్ర బాధ్యత' సిద్ధాంతాన్ని కొత్త బాకీల విషయంలో తొలగించింది 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథను నేను ఈ నేపథ్యంలో చదువుతాను. ఆ కథ మీద మన పత్రికల్లో ఎన్నో చర్చలు జరిగాయి. ముగింపులో సీతారాముడు చేసిన పని హింసా, నిరసనా అని వాదించుకున్నాం. అంతకుముందు జరిగే విచారణను అంతగా పట్టించుకోలేదు. అప్పల్రాముడి బాకీ పంచాయితీలో తేలుతుంది. చట్టం పుస్తకంలో దివాలా అనే అధ్యాయం ఉన్నదన్న మాట ఆ ఊరి ఊహలోకే రాదు. బాకీని న్యాయం అనే పేరుతో ఒప్పించడమే అక్కడి పద్ధతి. అప్పల్రాముడు ఒప్పుకున్నది అప్పును మాత్రమే కాదు, తన తర్వాతి తరాల దాస్యాన్ని. తండ్రి ఒప్పుకున్న ఆ నీతిని కొడుకు నిరాకరించిన క్షణమే ఆ కథ ముగింపు. విముక్తి అన్న మాట చట్టం అతనికి వినిపించలేదు కనుక, అతనికి తోచిన విముక్తి అంత భయంకరంగా ఉన్నది.

సంఘం కట్టినప్పుడు

తెలుగు రైతును దావా నుంచి కొంతయినా కాపాడింది ఐ.పి. కాదు, ఉద్యమం. మాంద్యం రోజుల్లో రైతు సంఘాలు ఋణవిమోచనను ప్రధాన కోరికగా పెట్టాయి. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర కాలినడకన సాగింది. 1938 మార్చి 22న మద్రాసు వ్యవసాయదారుల సహాయ చట్టం అమలులోకి వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే మొత్తం బాకీ తీరిపోయినట్టే. ఆ తర్వాతి అప్పులకు నూటికి 5, కొత్త అప్పులకు నూటికి ఆరుంబావు వడ్డీ పరిమితి. పాత డిక్రీలను సైతం ఈ లెక్క ప్రకారం తగ్గించి రాయించుకోవచ్చు, ఆలోగా అమలు ఆపించుకోవచ్చు. ఒక్కొక్క బాకీదారు ఒక్కొక్క పిటిషనుతో సాధించలేనిది వేలమంది కలిసి అడిగినందువల్ల వచ్చింది. అప్పుడు ఎవరూ 'జిల్లా అంతా ఐ.పి. పెట్టింది' అని ఎగతాళి చేయలేదు. ఒక్కడు చేస్తే నామం, సంఘం చేస్తే హక్కు.

ఈ చట్టానికీ ఒక గడప ఉన్నది. భూమిలో అమ్మదగిన హక్కు ఉన్నవాడినే అది ప్రధానంగా వ్యవసాయదారుగా గుర్తించింది. ఆ భూమిలో నాటే, కోసే కూలీకి అందులో చోటు లేదు. అతని బాకీకి తనఖా అతని శరీరమే. పాలేరుతనం, వెట్టి అన్న పేర్లతో ఆ తనఖా నడిచింది. వ్యవసాయకూలీలు, చేతివృత్తులవారు, చిన్న రైతుల ప్రైవేటు అప్పులను పూర్తిగా రద్దుచేసి, వాటిమీద కోర్టుల్లో ఉన్న దావాలు సైతం రద్దయినట్టు ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1977లో వచ్చింది. దానికి ఒక ఏడు ముందు వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. కాగితం మీద ఇవి గొప్ప చట్టాలు. కాని షావుకారు అప్పును రద్దుచేసిన చేయి అతని స్థానంలో అప్పు పుట్టించే ఏర్పాటు చేయలేదు. బ్యాంకుల, సహకార సంఘాల బాకీలు చట్టం వెలుపలే ఉన్నాయి. మరుసటి సాగుకు రైతు మళ్ళీ ఆ గుమ్మంలోకే పోయాడు. ఈసారి షావుకారు నోటు రాయించుకోలేదు, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు.

కొత్త పుస్తకం, పాత వరుస

స్వతంత్ర భారతంలో పెట్టుబడికి మాత్రం గొడుగు మీద గొడుగు దొరికింది. 1985లో ఖాయిలా పరిశ్రమల చట్టం వచ్చింది. కంపెనీ ఖాయిలా పడిందని బోర్డు ముందుకు పోతే 22వ సెక్షను వసూలు చర్యలను ఆపేది. దాని తర్వాత 2016లో కొత్త దివాలా కోడు వచ్చింది. కంపెనీ దివాలా పిటిషను స్వీకరించగానే దానిమీద దావాలూ, డిక్రీల అమలూ, తాకట్టు వసూళ్ళూ అన్నీ నిలిచిపోతాయి. 1920 చట్టం రైతుకు ఇవ్వనిది, తనఖాదారును కూడా ఆపగల శక్తి, కంపెనీకి దక్కింది. కంపెనీ మీది చెల్లని చెక్కు కేసులు సైతం ఆగుతాయని 2021లో మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అదే కోడులో మూడవ భాగం వ్యక్తుల గురించి. అందులో నిరుపేదల కోసం 'కొత్త ఆరంభం' అనే అధ్యాయం ఒకటి ఉన్నది. ఏడాదికి 60,000 లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు బాకీ ఉండి సొంత ఇల్లు లేనివాడు ఆ బాకీల నుంచి విముక్తి కోరవచ్చునని అందులో రాశారు. రాశారు గాని, 2019 డిసెంబరు 1న ఆ మూడవ భాగాన్ని అమలులోకి తెచ్చింది కంపెనీ అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకు మాత్రమే. అంటే ప్రధానంగా ఆ కంపెనీల అధిపతులకు. వాళ్ళ విషయంలో దరఖాస్తు పడిన రోజు నుంచే దావాలకు తాత్కాలిక నిలుపుదల. మామూలు మనిషికి మిగిలింది 1920 నాటి ఐ.పి.యే. అక్కడ పిటిషను వేసినంత మాత్రాన దావా ఆగదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాలి, దానికి ఏళ్ళు పట్టవచ్చు. నాటి 500 రూపాయల గడప ఈనాటికీ అదే అంకె. ఒకప్పుడు పేదవాణ్ణి బయట ఉంచిన గడప ఇప్పుడు రూపాయి విలువ పడిపోయి నేలమట్టమైంది. తలుపు తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. కాని ఈలోగా బాకీ రూపం మారింది. ఇవాళ అప్పిచ్చేవాడు ప్రోనోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా తీసుకుంటాడు. చెక్కు చెల్లకపోవడం 1989 నుంచి నేరం. సివిల్ దావాకు కట్టిన గొడుగు క్రిమినల్ కేసుకు పనికిరాదు.

మాటలు కూడా చూడండి. కంపెనీ బాకీలో అధికభాగాన్ని బ్యాంకులు వదులుకుంటే ఆర్థిక పేజీలు దాన్ని 'హెయిర్‌కట్' అంటాయి. అది క్షవరం, శుభ్రత. కిరాణా కొట్టువాడు వదిలించుకుంటే అది 'నామం'. కంపెనీది 'పునర్వ్యవస్థీకరణ', కౌలురైతుది 'ఎగవేత'. ఒకే పనికి రెండు భాషలు తయారయ్యాయి. ఆ రెండో భాషను తయారుచేసింది షావుకారే అయినా, దాన్ని ఇన్నాళ్ళూ మోసింది మనం.

అందువల్ల అభ్యుదయ రచయితల ముందు ఒక పని ఉన్నదని నేననుకుంటాను. వేలంపాటను రాశాం, అమీనాను రాశాం, వడ్డీ వ్యాపారి పిసినారితనాన్ని కావలసినంత రాశాం. నాకు తెలిసినంతలో సమను అందుకున్న మనిషిని, పిటిషను వేయాలా వద్దా అని తేల్చుకోలేక గడిపిన అతని రాత్రులను, జాబితాలో ఋణదాతల పేర్లు రాస్తున్నప్పుడు సొంత మేనమామ పేరు దగ్గర ఆగిపోయిన అతని చేతిని అంతగా రాయలేదు. దివాలా అనగానే మనకు నవ్వు వచ్చింది, లేదా అసహ్యం వేసింది. ఆ రెండూ షావుకారు దగ్గర మనం తెచ్చుకున్న అప్పులే. వాటిని తిరిగి ఇచ్చేయడం మంచిది. దొంగ ఐ.పి.ని దొంగ ఐ.పి. అందాం. చితికిన మనిషి వేసే పిటిషనును హక్కు అందాం. కంపెనీకి దావా ఆగిన రోజునే మనిషికీ ఆగాలని అడుగుదాం. 1938లో అడిగినట్టు, విడివిడిగా కాదు, కలిసి అడుగుదాం.